మొద్దుబార్చు మలాములు: వాని పనియు, వాని హద్దును

దిగువ పేరాక్‌లోని బాగన్ దాతో కొబ్బరితోటలలోను, మలేషియాలోని యితర రబ్బరు, ఆయిల్‌పామ్ తోటలలోను తెలుగువారు తరతరములుగా పాటుపడిరి. వారిలో అనేకులు నేడు పట్టణములకు తరలి వేరు వృత్తులలో నున్నారు. కొందరింకను తోటలయందే కాపురమున్నారు. తోటలో పనిచేయువానికిని, తోట ప్రక్కన ఇల్లు కట్టుకొన్నవానికిని చర్మమునకు కలుగు చిన్న బాధలు ఒక్కటియే. ఆయిల్‌పామ్ మట్టల ముండ్లు అరచేతిలో విరిగి నిలుచును. ఆ ఆకులను తిను ముండ్ల గొంగళి తగిలినచో నిప్పుకణిక పెట్టినట్లుండును. ఆకులను కుట్టి గూడు కట్టుకొను ఎర్రచీమలు, మలాయీవారు కెరెంగ్గా అనునవి, మెడపైకి రాలి కరచును. సముద్రతీరపు తోటలలో ప్రొద్దు గ్రుంకు వేళ ఆగాస్ అను అతిసూక్ష్మమైన కుట్టెడు పురుగులు గుంపులుగా వచ్చి కాళ్లను దద్దురులతో నింపును. ఇవి ప్రాణము తీయు రోగములు కావు. అయినను వీనివలన రాత్రి నిద్ర చెడును. నిద్ర చెడినవాడు తెల్లవారుజామున కత్తి పట్టి తన వ్రేలినే కోసికొనును. కాబట్టి మంటను దురదను తగ్గించు మందు కోరుట వట్టి సుఖాపేక్ష యని త్రోసివేయరాదు.

వైద్యుని చీటి లేకయే మందుల అంగడిలో దొరకు చిన్న ట్యూబులు ఇట్టి బాధలకే యేర్పడినవి. అవి రోగమును కుదుర్చునవి కావు. చర్మములోని నరములను కొంతసేపు మొద్దుబార్చి, బాధ తెలియకుండ చేయునవి. ఈ భేదము చిన్నదిగా కనబడును గాని, ఈ మలాములవలన కలుగు మేలంతయు, కీడంతయు ఈ భేదమునందే యున్నది.

మొదట ఒక భ్రమను తీర్పవలసియున్నది. ఇంటి అలమరలోని ప్రతి ఘాటైన మలాము మొద్దుబార్చునదే యని పలువురు తలంతురు. అది సరికాదు. అమృతాంజనమును ఎరుగని తెలుగు ఇల్లు లేదు గదా. కృష్ణా మండలమువారగు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయి నగరమున ఆ మందును స్థాపించి, ఆ ధనముతోనే పిమ్మట 1908లో ఆంధ్రపత్రికను నడపిరి. అట్లే రంగూనులో పుట్టి, 1926లో సింగపూరునకు తరలిన చీనా కుటుంబమువారి టైగర్ బామ్ మలయా తోటలన్నిటను వ్యాపించెను. ఈ బాములలో ముఖ్యద్రవ్యములు కర్పూరము, మెంథాల్ మొదలగునవి. మెంథాల్ నరమును నిద్రపుచ్చదు. చల్లదనమును గ్రహించు నరములను తట్టిలేపును. చర్మము నిజముగా చల్లబడకున్నను చల్లబడినట్లు మనస్సునకు తోచును, ఆ తోపులో నొప్పి మరుగుపడును. చల్లదనము, మిరపకారపు మంట, ఈ రెంటిని చర్మము గ్రహించు ద్వారములను కనుగొన్న శాస్త్రజ్ఞులకు 2021లో నోబెల్ బహుమానము లభించినది. తలనొప్పికిని, వీపు నొప్పికిని బాము మంచిదే. చిట్లిన చర్మముపైన మాత్రము అది మంటపై మంట. పసిపిల్లల ముక్కులకు, రొమ్ములకు కర్పూరపు మందు దట్టముగా పూయుటయు అపాయకరము. కర్పూరము మ్రింగిన బిడ్డకు కొద్దిసేపటిలోనే మూర్ఛలు రావచ్చును.

నిజముగా మొద్దుబార్చు మందుల కుటుంబము వేరు. వాని పేర్లు చాలవరకు "కెయిన్" అను శబ్దముతో ముగియును: లిడోకెయిన్ (ఆంగ్లేయుల ఏలుబడిలోనుండిన దేశములలో దీనినే లిగ్నోకెయిన్ అందురు), బెంజోకెయిన్, సించోకెయిన్. ప్రమోక్సిన్ అనునది మాత్రము తోక మార్చుకొని తిరుగుచున్నను ఈ పనివారిలోనిదే.

ఆ తోక యెక్కడనుండి వచ్చెననగా, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతవాసులు నమలు కోకా ఆకునుండి. దానిని నమలినవారికి నాలుక మొద్దుబారును. జర్మనీలోని గొట్టింగెన్ నగరమున ఆల్బర్ట్ నీమన్ అను యువకుడు 1860 ప్రాంతమున ఆ ఆకులోని సారమును విడదీసి కొకెయిన్ అని పేరిడెను. 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ దానిని కంటిలో వేసి, రోగి మేలుకొనియుండగానే నొప్పిలేకుండ కంటికి శస్త్రము చేయవచ్చునని లోకమునకు చూపెను. అయితే ఆ మందు మనుష్యులను బానిసలను చేయుచుండెను. కాబట్టి వ్యసనము కలిగింపని మందులకై వెదకుట ఆరంభమాయెను. 1890లో జర్మనీలో ఎడువర్డ్ రిట్సర్ట్ బెంజోకెయిన్‌ను చేసెను. లిడోకెయిన్ కథ మరియు వింతయైనది. స్వీడన్‌లో బార్లీ మొక్కలలోని ఒక పదార్థమును పరీక్షించుచుండిన రసాయనశాస్త్రజ్ఞుడు హోల్గర్ ఎర్ట్‌మన్, 1930ల నడుమ, తాను తయారుచేసిన పొడిని రుచిచూడగా అతని పెదవియు నాలుకయు మొద్దుబారెను. రసాయనములను నాలుకతో పరీక్షించుట ఈ దినములలో ఎవరును చేయదగిన పని కాదు. ఆ దినములలో అది వాడుక. ఆ జాడ పట్టుకొని నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో లిడోకెయిన్‌ను నిర్మించెను. అతని తోడి పనివాడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ దానిని తన శరీరముమీదనే పరీక్షించుకొనెను. 1948లో అది అంగడికి వచ్చెను. పన్ను తీయించుకొన్న ప్రతి మనుష్యునికిని అప్పటినుండి దాని పరిచయము కలదు.

ఇవి పనిచేయు రీతి యిట్టిది. నరములో వార్త పరుగెత్తుటకు సోడియమను ఉప్పు అణువులు నరపు పొరలోని చిన్న ద్వారములగుండ లోనికి దూకవలెను. మందు ఆ ద్వారములను మూసివేయును. వార్త నిలిచిపోవును. నొప్పిని, దురదను మోయు నరపుతీగెలు మిక్కిలి సన్ననివి గనుక అవి ముందుగా మూగబోవును. కొంతసేపటికి రక్తము మందును కొట్టుకొనిపోగా ద్వారములు తెరచుకొని బాధ తిరిగి వచ్చును.

కాని మందు నరమును చేరుటయే కష్టము. చర్మపు పైపొర కాగితమంత పలుచనైనను గొప్ప గోడవంటిది. చెడని చర్మముపై నూటికి నాలుగు పాళ్ల లిడోకెయిన్ పూసినచో మొద్దుబారుటకు అరగంటయో అంతకు ఎక్కువయో పట్టును. అరచేతులను అరికాళ్లను అది బహుస్వల్పముగా చొచ్చును. అక్కడి తోలు దళసరి. ఇక్కడనే మనుష్యుని ఓపిక తప్పును. అయిదు నిమిషములలో పనిచేయలేదని మరల పూయుదురు, ఇంకను దట్టముగా పూయుదురు, పైన గుడ్డ చుట్టుదురు. గోకి గోకి చిట్లిన చర్మము, బొబ్బ పగిలిన చర్మము, కాలిన చర్మము, ఇవి గోడ కూలిన ఇండ్లు. అచ్చట పూసిన మందు వేగముగా రక్తములోనికి పోవును. నోటి లోపలి మెత్తని చర్మమును అట్టిదే.

లెక్క చూచినచో సంగతి తేటపడును. ట్యూబు మూతినుండి చూపుడువ్రేలి కొనకణుపు పొడవున పిండిన మందు ఇంచుమించు అర గ్రాము. అది రెండు అరచేతులంత మేర చర్మమునకు చాలును. నూటికి నాలుగు పాళ్ల మలాములో ఆ అర గ్రామునందు 20 మిల్లీగ్రాముల లిడోకెయిన్ ఉండును. 30 గ్రాముల ట్యూబు మొత్తమున 1,200 మిల్లీగ్రాములు. వైద్యులు పెద్దవారికి దీనిని ఒంటిగా సూదిద్వారా ఇచ్చునప్పుడు ఒక్కసారికి 300 మిల్లీగ్రాములు దాటనియ్యరు. ఆరోగ్యమైన చర్మముగుండ ఇందులో చాలా కొద్దిభాగమే లోనికి పోవునన్నది నిజము. ఆ గోడను నమ్మియే ఈ ట్యూబులు చీటి లేక అమ్ముటకు అనుమతి దొరకినది. గోడ లేనిచోట ఆ అనుమతికి అర్థము లేదు. అమెరికా దేశపు ఆహారౌషధ శాఖ నియమములో చీటి లేక అమ్ము లిడోకెయిన్ నూటికి నాలుగు పాళ్లకు మించరాదు. రెండేండ్లు నిండినవారికి దినమునకు మూడు నాలుగు మార్లకంటె ఎక్కువ పూయరాదు. ఏడు దినములలో తగ్గనిచో మానివేసి వైద్యుని చూడవలెను. ఈ మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనినవాడు ట్యూబుమీది చిన్న అక్షరములలో సగము చదివినవాడే.

ఇక ఏ బాధకు ఎట్లు వాడవలెననగా, మలాముకంటె ముందు చేయవలసిన పని ఒకటి ప్రతిచోటను కలదు. ముండ్ల గొంగళి తగిలినచో ఆ చోటును రుద్దరాదు. రుద్దిన కొలది విషపు నూగు లోనికి దిగును. అంటుకొను టేపును ఒత్తి పైకి లాగినచో నూగు దానితో వచ్చును. పిమ్మట సబ్బునీటితో కడిగి, చల్లని తడిగుడ్డ వేసి, అప్పుడు కొంచెము మలాము రాయవచ్చును. చీమకాటునకు, ఆగాస్ కాటునకు, దోమకాటునకు ఇట్లే కడుగుటయు చల్లబరచుటయు ముందు. అనేక పర్యాయములు అంతటితోనే మందు అవసరము తీరిపోవును. ముల్లు దిగినచో ముల్లు తీయవలెను. లోపల ముల్లుండగా పైన మొద్దుబార్చుట దొంగను ఇంటిలో పెట్టి తలుపు వేయుటయే. మూడవ నాటికి వ్రేలు వాచి చీముపట్టును, అంతవరకు నొప్పి తెలియలేదను సంతోషము మాత్రము మిగులును.

రబ్బరుపాలను గడ్డకట్టించు ఫార్మిక్ ఆమ్లము చిందినచో తడిసిన బట్ట విప్పి, పారునీటి క్రింద చాలసేపు కడుగవలెను. వేడి నూనె, వేడి గంజి, మోటారు సైకిలు పొగగొట్టము వలన కాలినచో ఇరువది నిమిషములు చల్లని కుళాయినీరు. పండ్లు తోము పేస్టు, వెన్న, సోయా చారు పూయు అలవాటు ఎక్కడనుండి వచ్చెనో గాని అది ఇంకను చావలేదు. బొబ్బలెక్కిన కాలుడుమీద మొద్దుబార్చు మలామును పూయుట ఇంతకుముందు చెప్పిన కూలిన గోడ సంగతియే. బొబ్బలేని చిన్న ఎర్రదనమునకైతే చల్లార్చిన తరువాత కొంచెము వాడవచ్చును. కంటిలో పడిన దేనికైనను నీరే మందు. ఏ మలామును కంటి దగ్గరకు రానీయరాదు.

సైపర్‌మెత్రిన్ వంటి పురుగుమందు చల్లినవారికి ఆ రాత్రి ముఖము చిమచిమలాడుట, సూదులతో పొడిచినట్లుండుట కద్దు. అది కాలినగాయము కాదు. ఆ పురుగుమందు కూడ నరముల సోడియము ద్వారములమీదనే పనిచేయును, అయితే మూయుటకు బదులు తెరచియుంచును. సాధారణముగా ఒక్క దినములో తగ్గును. వేడినీటితో కడిగినను, చెమట పట్టినను అధికమగును. చల్లని నీరు, సబ్బు, శుభ్రమైన బట్ట, ఇవే చాలును. మరునాడు ముఖమునకు తొడుగు లేకుండ చల్లించు మేస్త్రీ యెవడైనను ఉన్నచో మాటలాడవలసినది అతనితోనే, మందులవానితో కాదు.

మలేషియాలో వానకాలమున, వరికోతల పిమ్మట, రాత్రి దీపమునకు ఒక సన్నని పురుగు వచ్చును. ఎరుపును నలుపును కలిసిన వన్నె, చీమవంటి ఆకారము. మలాయీవారు దానిని సెముత్ కయప్ అందురు. అది కుట్టదు, కరవదు. చేతితో నలిపినచో దాని రక్తములోని విషము చర్మమును కాల్చును. ఒక దినము గడచిన తరువాత కొరడాతో కొట్టినట్లు పొడవైన ఎర్రచార, దానిపై బొబ్బలు లేచును. మోచేతి మడతలో ఒకవైపు అంటినది రెండవ వైపునకును అచ్చుపడును. పురుగును ఊది తోలవలెను, నలిపినచో వెంటనే సబ్బుతో కడుగవలెను. బొబ్బ లేచిన పిమ్మట మొద్దుబార్చు మందు రాసి రాసి బొబ్బను పగులగొట్టుటకంటె, చల్లని తడిగుడ్డ వేసి క్లినిక్కునకు పోవుట మంచిది.

ఈ పురుగు కాల్చిన బొబ్బలను సర్పి యని భ్రమించువారును, సర్పిని పురుగని భ్రమించువారును కలరు. సర్పి శరీరమునకు ఒక్క ప్రక్కనే, నడుము చుట్టునో, రొమ్ము ప్రక్కనో, నుదుటనో వరుసగా వచ్చును. బొబ్బకు ముందే లోపల మంట పుట్టును. దానికి వైద్యుడిచ్చు మాత్రలు బొబ్బలు లేచిన మూడు దినములలోపల ఆరంభించినచో బాగుగా పనిచేయును. ఆ మూడు దినములు మలాముతో నొప్పిని అణచుకొని ఇంటిలో కూర్చుండినవాడు మాసములకొలది నరపు నొప్పిని కొని తెచ్చుకొనవచ్చును.

దురదలో మోసము ఇంకను ఎక్కువ. గజ్జి రాత్రివేళ దురదపెట్టును, వ్రేళ్ల సందులలో, మణికట్టున, నడుమున కనబడును. ఇంటిలో ఒకరికి వచ్చినచో కొన్ని వారములలో అందరికిని వచ్చును. మొద్దుబార్చు మలాము పూసిన బిడ్డ ఆ రాత్రి నిద్రించును. చర్మములోని పురుగు నిద్రింపదు. గజ్జికి నూటికి అయిదు పాళ్ల పెర్మెత్రిన్ క్రీము మెడనుండి పాదములవరకు పూసి, ఎనిమిది గంటలకు తక్కువ కాకుండ ఉంచి కడుగవలెను; వారము పిమ్మట మరల పూయవలెను; ఇంటిలోని వారందరును ఒకే రాత్రి పూసికొనవలెను. దురద ఉన్నవారికి మాత్రము పూసి తక్కినవారిని విడుచుటచేతనే గజ్జి ఇంటినుండి పోక తిరుగుచుండును. తామరయు అట్టిదే: అది బూజు జాతిది, దానికి బూజును చంపు మందు వేరుగ నున్నది.

అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసినది పసిబిడ్డల విషయమున. పండ్లు వచ్చుచున్న బిడ్డ రాత్రియంతయు ఏడ్చును. తల్లికి నిద్రలేదు, తండ్రికి తెల్లవారి పని. అప్పుడు ఇంటిలోని పెద్దదిక్కు చిగుళ్లకు రాయు జెల్లును తీసి యిచ్చును. అది పెద్దల పంటినొప్పికి కొన్నది, బెంజోకెయిన్ కలది. పూసిన వెంటనే బిడ్డ ఊరకుండును గనుక మందు మంచిదని పేరుపడును. అట్టి బిడ్డ పెదవులు నల్లబడి ఆస్పత్రికి వచ్చినప్పుడు డ్రెసరు అడుగు మొదటి ప్రశ్న ఇట్లుండును: "అమ్మా, బిడ్డ నోటిలో ఏమైన పూసితివా?" తల్లి సంశయించుచు, "అత్తమ్మ యిచ్చిన జెల్లు పూసితినండీ, రాత్రి మూడుమార్లు" అనును. అత్తమ్మను నిందించుటకు ఇది సమయము కాదు; ఆమెయు ప్రేమచేతనే యిచ్చినది. ఆ ట్యూబును చేతబట్టుకొని ఆస్పత్రికి వచ్చిన తల్లి సగము వైద్యము చేసినదగును, ఏలయనగా వైద్యుడు వెదకవలసిన కారణము దానిమీద వ్రాసియున్నది.

ఆ నల్లదనమునకు కారణమిది. రక్తములోని ఎర్రపదార్థము ఊపిరిగాలిని మోసికొనిపోవును. బెంజోకెయిన్ కొందరిలో ఆ పదార్థములోని ఇనుమును మార్చివేయగా అది గాలిని మోయలేనిదగును. ఈ స్థితికి మెథెమోగ్లోబినీమియా అని పేరు. రక్తము చాకొలెట్టు వన్నెకు తిరుగును. పెదవులు, గోళ్లు నీలముగను బూడిదరంగుగను మారును. బిడ్డ అలసి, రొప్పుచు, మందముగా పడియుండును. పూసిన కొన్ని నిమిషములనుండి రెండు గంటలలోపల ఇది కనబడవచ్చును, మొదటిమారు పూసినప్పుడును రావచ్చును. ముసుగుతో ప్రాణవాయువు పెట్టినను నీలము తగ్గకుండుట దీని గురుతు. పెద్దవారి రక్తములో ఈ మార్పును సరిచేయు శక్తి బాగుగా నుండును. పసివారిలో అది యింకను ఎదుగలేదు. 1971 మొదలు 2018 వరకు ఇట్టి సంగతులు నాలుగు వందలకు పైగా అమెరికా ఆహారౌషధ శాఖకు తెలియవచ్చినవి. వానిలో మరణములును కలవు. కాబట్టి 2018 మే మాసమున ఆ శాఖ, రెండేండ్ల లోపు పిల్లల చిగుళ్లకు బెంజోకెయిన్ మందులు అమ్మరాదని కంపెనీలకు తెలిపెను. అంతకుముందు 2014లోనే, నోటికి వాడు చిక్కని లిడోకెయిన్ ద్రావకమును పండ్లు వచ్చు బిడ్డలకు ఇయ్యరాదని హెచ్చరించియుండెను; దానిని మ్రింగిన బిడ్డలలో మూర్ఛలు, గుండె చెడుట, మరణము సంభవించినవి.

మలేషియావాసులకు ఇందులో మరియొక చిక్కు కలదు. జి-6-పి-డి అను రసము రక్తములో కొరతపడుట ఈ దేశమున అరుదు కాదు. అందుచేతనే ఇక్కడ బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు రక్తముతో దానిని పరీక్షించుట వాడుక. నాఫ్తలీను ఉండలు బట్టలలో వేయవద్దని ఆ బిడ్డల తల్లులకు చెప్పుదురు. మెథెమోగ్లోబినీమియాకు సూదిద్వారా ఇచ్చు విరుగుడు మెథిలీన్ బ్లూ అను నీలిమందు. అయితే జి-6-పి-డి కొరతగల వారిలో ఆ విరుగుడే రక్తకణములను పగులగొట్టగలదు. కావున అట్టి బిడ్డకు మొద్దుబార్చు మందు తగిలినచో వ్యాధియు కష్టము, వైద్యమును కష్టము. బిడ్డ ఆరోగ్యపుస్తకములో ఆ కొరత వ్రాసియున్నచో, ఆస్పత్రి గుమ్మమునందే ఆ పుస్తకము చూపవలెను.

జెల్లు లేక బిడ్డ ఏడ్పు మాన్పుట ఎట్లని తల్లి అడుగును. శుభ్రముగ కడిగిన వ్రేలితో చిగురును మెల్లగా రుద్దుట, చల్లని నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డను కొరకనిచ్చుట, గట్టి రబ్బరు వలయమును ఇచ్చుట మేలు. గడ్డకట్టిన మంచు మాత్రము కాదు. ఇవి జెల్లంత త్వరగా పనిచేయవు. అయితే జెల్లును చొంగ కొద్ది నిమిషములలో కడిగివేయును గనుక దాని పనియు అంతంతమాత్రమే. జ్వరము గాని విరేచనములు గాని ఉన్నచో పండ్లమీద నేరము మోపక బిడ్డను చూపించవలెను.

పెద్దవారికి అపాయము లేదనుకొనరాదు. అమెరికాలో, కాళ్ల వెండ్రుకలను లేజరు కాంతితో తీయించుకొనుటకు ముందు, 22 ఏండ్ల యువతి యొకతెయు, 25 ఏండ్ల యువతి యొకతెయు అధికబలము గల మొద్దుబార్చు క్రీమును కాళ్లనిండ పూసి, పైన ప్లాస్టిక్కు కాగితము చుట్టుకొనిరన్నది ఆ దేశపు ఆహారౌషధ శాఖ 2007 నాటి ప్రకటనలో ఉన్నది. ఇద్దరికిని మూర్ఛలు వచ్చి, స్పృహ తప్పి, మరణించిరి. పూసిన మేర పెద్దది. చుట్టిన ప్లాస్టిక్కు చర్మమును వేడిచేసి తేమపరచి మందును లోనికి తోసినది. 2024 మార్చిలో అదే శాఖ, పచ్చబొట్లకును లేజరు పనికిని ముందు పూయుదురని చెప్పి నాలుగు పాళ్లకు మించిన లిడోకెయిన్ క్రీములు అమ్మిన ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపెను. సెల్‌ఫోనులో వేలము వేయు అట్టి క్రీములు సముద్రము దాటి ఎక్కడికైనను వచ్చును. మలేషియాలో నమోదైన మందు పెట్టెమీద "ఎమ్, ఏ, ఎల్" అను మూడు అక్షరములు, పిమ్మట ఎనిమిది అంకెలు, ఒక అక్షరము ఉండును. ఆ అక్షరము "ఎక్స్" అయినచో చీటి లేక కొనదగినది. "ఏ" అయినచో విషపదార్థముల పట్టికలోనిది, మందుల నిపుణుడో వైద్యుడో ఇయ్యవలసినది. "టి" అయినచో నాటుమందు. ఆ సంఖ్యయే లేని ట్యూబును వారపు సంత దీపము క్రింద ఎంత చౌకగా ఇచ్చినను కొనరాదు.

బెంజోకెయిన్ పడని చర్మములు కొన్ని కలవు. పూసినకొలది దురద హెచ్చును, ఎర్రదనము ప్రాకును. పూసినవాడు రోగము ముదిరినదని తలంచి ఇంకను పూయును. తలకు నల్లరంగు వేసికొని చెవుల వెనుక బొబ్బలెక్కిన అనుభవము గలవారు ఈ మందునకు దూరముగ నుండుట మంచిది, ఏలయనగా ఆ రంగులోని ద్రవ్యమును, ఇదియు రసాయన బంధువులు. ఒకదానిని పగబట్టిన చర్మము రెండవదానిని విడువదు. అట్టివారికి లిడోకెయిన్ సాధారణముగా హాని చేయదు. మూలవ్యాధికి అమ్ము మలాములలోను ఈ మొద్దుబార్చు మందులు, ముఖ్యముగా సించోకెయిన్, ఉండును. సిగ్గుచేత మూలవ్యాధిని ఎవరికిని చెప్పక ఏండ్లకొలది ట్యూబులతో కాలక్షేపము చేయువారు అనేకులు. నెత్తురు పడుచున్నచో అది మూలవ్యాధియేనా యని తేల్చుకొనుట ఆ సిగ్గుకంటె ముఖ్యము. ఆ ట్యూబును పిల్లలకందని చోట ఉంచవలెను. సించోకెయిన్ కొంచెము మ్రింగినను పసివారికి మిక్కిలి ప్రమాదము.

మధుమేహము గలవారి పాదములమాట చెప్పవలసియున్నది. 2023 నాటి జాతీయారోగ్య సర్వేలో మలేషియాలోని పెద్దవారిలో ఇంచుమించు ఆరుగురిలో ఒకరికి మధుమేహము కనబడినది. ఏండ్లు గడచిన మధుమేహములో పాదముల నరములు చెడి, మంటయు తిమ్మిరియు కలుగును. ఆ మంటకు మలాము పూసికొని చెప్పులు లేక తోటలో నడచినవానికి ముల్లు దిగినది తెలియదు, పుండు పడినది తెలియదు. అట్టివారికి రాత్రి దీపము దగ్గర అరికాలిని అద్దములో చూచుకొనుటకు మించిన మలాము లేదు.

మందు పూయకుండగనే మొద్దుబారిన మచ్చ ఒంటిపై కనబడినచో అది మరియొక సంగతి. చుట్టునున్న చర్మముకంటె తెల్లగనో రాగివన్నెగనో ఉండి, దురదపెట్టక, దూది కొనతో తాకినను తెలియక యుండు మచ్చ కుష్ఠరోగపు మొదటి గురుతు కావచ్చును. దురద లేదని సంతోషించి దానిని విడిచిపెట్టువారు కలరు. 1930లో సుంగై బూలోలో కుష్ఠరోగుల నివాసము తెరచిన దినములలో ఆ మచ్చ కలవాడు ఇల్లు వాకిలి విడువవలసివచ్చెడిది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుఔషధ చికిత్స వచ్చిన పిమ్మట ఆ స్థితి మారినది. మాత్రలు ఆరు మాసములు, రోగము వ్యాపించియున్నచో పండ్రెండు మాసములు ఇంటిలోనుండియే తీసికొనవచ్చును. ఆ మాత్రలకు వెల లేదు. ప్రభుత్వ ఆరోగ్య క్లినిక్కులో మచ్చ చూపించుకొనుటకు ఈ దేశపు పౌరులు చెల్లించు రుసుము ఒక రింగిట్టు.